మాఘమాసం పెళ్ళి ఆల్బమ్‌లు తీసుకున్నవాళ్ళకి, ఉన్నదున్నట్టు

నమస్కారం అండి. మన స్టూడియో నుంచి వెళ్ళిన ఆల్బమ్‌లు నాలుగు మసకగా వచ్చాయి. ముగ్గురు ఏమీ అనలేదు, నాలుగో ఇంటివాళ్ళు ఆల్బమ్ సంచిలో పెట్టుకొచ్చి నా టేబుల్ మీద తెరిచారు. తలంబ్రాల ఫొటో, షీటు నిండా వేసింది. దోసిట్లోంచి జారే బియ్యం గింజ గింజా విడిగా కనపడాల్సింది, గంజి ఒలకబోసినట్టుంది. చీర జరీ అంచు అయితే పసుప్పచ్చ గీత, అంతే. పెళ్ళికూతురి నాన్నగారు "దీనికంటే మీరు ఫోన్‌కి పంపినవే నయం కదండీ" అన్నారు. ఇరవై రెండేళ్ళ నుంచి కెమెరా పట్టుకుంటున్నా, ఇలాంటి మాట పడలేదు.

తప్పు నాదే. లైట్‌రూమ్ అని ఫొటోలు సరిచేసే సాఫ్ట్‌వేర్, దాంట్లోంచి ఫొటోలు బయటికి తీయడానికి రెండు ప్రీసెట్లు, అంటే ముందే పెట్టుకున్న సెట్టింగ్స్, సేవ్ చేసుకున్నా, ఆల్బమ్‌కి ఫుల్ సైజు, అంటే మా కెమెరాలో 6000 బై 4000 పిక్సెల్స్, వాట్సాప్‌కి చిన్నవి. ఒకరోజు రాత్రి పదకొండు దాటాక డల్లాస్‌లో ఉన్న పెళ్ళికొడుకు అన్నయ్య నాలుగు ఫొటోలు అర్జెంటుగా కావాలంటే, వాట్సాప్ దాని సైజు పొడుగు వైపు 2048కి మార్చి, రైట్ క్లిక్ చేసి 'అప్‌డేట్ విత్ కరెంట్ సెట్టింగ్స్' కొట్టా. కొట్టింది పై లైను మీద, అంటే ఆల్బమ్ ప్రీసెట్ మీద. పేరు 'ఆల్బమ్ ఫుల్' అనే ఉంది, లోపల మాత్రం 2048. ఇక ఆ పేరు చూసి నమ్మి నాలుగు పెళ్ళిళ్ళు దాంతోనే తీసేశాం. ముందు మా కుర్రాడే కెలికాడని రెండ్రోజులు తిట్టా, తీరా ఫోల్డర్ తేదీలు చూస్తే వాడు ఆ వారమంతా అక్క సీమంతానికి ఊరెళ్ళాడు. వాడికి సారీ చెప్పా, ఇంకా ముభావంగానే ఉన్నాడు.

కానీ ఒకటి మింగుడుపడట్లేదండి. మన ఆల్బమ్ డిజైనింగ్ బయట ఒకాయన చేస్తారు, ఏళ్ళ తరబడి ఆయనే. 12 బై 36 అంగుళాల షీటు 300 రిజల్యూషన్‌లో, అంటే అంగుళానికి 300 పిక్సెల్స్ చొప్పున, అడ్డంగా 10800 పిక్సెల్స్. మామూలుగా మన ఫొటో దాంట్లో వేస్తే సగం పైన ఆక్రమిస్తుంది, ఇవి అయిదో వంతు కూడా రావు, మూలన స్టాంపు బిళ్ళలా కూర్చుంటాయి. వాటిని ఒక్కొక్కటీ పట్టుకుని లాగి లాగి షీటు నింపారు, నాలుగు ఆల్బమ్‌లు! ఒక్కసారైనా చెయ్యి ఆగలేదా? ఒక్క ఫోన్ కాల్. అడిగితే "మీరు పంపిందే వేశానండి" అన్నారు. ప్రింట్ వేసే ల్యాబ్‌ని అనడానికి లేదు, వాళ్ళకి చేరేసరికి షీటు కరెక్ట్ సైజులోనే ఉంది. ఆయన మాట నిజమే, నేను పంపిందే. అయినా ఇక ఆయనకి పని ఇవ్వదల్చుకోలేదు, పంతం అనుకోండి ఏదైనా అనుకోండి.

గమనించని ఆ ముగ్గురికీ చెప్పాలా వద్దా అని వారం నిద్రపట్టలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలీదు, మా ఆవిడ కూడా "వాళ్ళు సంతోషంగా చూసుకుంటున్నారు, మీరెందుకు కెలకడం" అంది. నిజమే అనిపించింది కూడా, నాలుగు ఆల్బమ్‌ల ప్రింటింగ్ అంటే ఈ సీజన్‌లో మిగిలిందంతా పోయినట్టే. కానీ రేపు వాళ్ళ చుట్టాలెవరో పేజీ తిప్పుతూ "ఎవరు తీశారు ఇవి" అంటే కింద ఉండేది నా పేరు. నాలుగూ మళ్ళీ వేయిస్తున్నా, నా ఖర్చు. కెమెరాలోంచి నేరుగా వచ్చిన ఒరిజినల్ రా ఫైల్స్ రెండు హార్డ్ డిస్కుల్లో భద్రంగా ఉన్నాయి కాబట్టి సరిపోయింది. పాత ఆల్బమ్ మాత్రం వెనక్కి ఇచ్చేయాలండి, నా పేరుతో అది ఎవరింట్లోనూ ఉండకూడదు. ఒక బామ్మగారు అప్పుడే బీరువాలో పెట్టి తాళం వేసేశారట, ఇవ్వనంటున్నారు, నేనే వెళ్ళి బతిమాలుకుంటా.

ఆ టైములో పెన్‌డ్రైవ్ తీసుకున్నవాళ్ళు ఏదైనా ఒక ఫొటో డీటెయిల్స్ చూడండి, 2048 అని కనపడితే పట్టుకురండి, మార్చి ఇస్తా. ఇప్పుడు ప్రీసెట్ పేరు 'ఆల్బమ్ ముట్టుకోవద్దు' అని మార్చా, అయినా పేరుని నమ్మట్లా, ప్రతి పెళ్ళికీ మొదటి ఫొటో సైజు నేనూ కుర్రాడూ విడివిడిగా చూసి పుస్తకంలో రాస్తున్నాం. కొత్త ఆల్బమ్‌లు రెడీ అవగానే ఫోన్ చేస్తా. డిజైనింగ్ ఈసారికి నేనే కూర్చుని చేస్తున్నా, కొంచెం లేటవుతుంది, తొందరపెట్టకండి.