ఉచితంగా దొరికే ఆన్‌లైన్ కెమిస్ట్రీ సాధనాలను ప్రాక్టికల్స్‌లో చేర్చండి
(ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ)

అయ్యా,

ఎర్రచందనం మన శేషాచలం కొండల చెట్టు. దుంగల అక్రమ రవాణా వార్తల్లో దాని పేరు తరచూ వింటాం. దాని చెక్కలో టెరోస్టిల్బీన్ అనే పదార్థం ఉందని తిరుపతిలో బీఎస్సీ చదివే ఎంతమంది పిల్లలకు తెలుసు?

అమెరికా ప్రభుత్వ సంస్థ 2004 నుంచి నడుపుతున్న పబ్‌కెమ్ అనే రసాయన పదార్థాల ఆన్‌లైన్ భాండాగారంలో ఆ పేరు కొడితే నిర్మాణ పటం కళ్లముందుంటుంది: రెండు బెంజీన్ వలయాలు, వాటిని కలిపే ద్విబంధం, ఒక వలయం మీద హైడ్రాక్సిల్ (OH) సమూహం, రెండోదాని మీద రెండు మెథాక్సీ (OCH₃) సమూహాలు. పేరు తెలియకపోయినా బొమ్మ గీసి వెతకవచ్చు. అదే బొమ్మలో మెథాక్సీల చోట హైడ్రాక్సిళ్లు గీస్తే ద్రాక్షలో దొరికే రెస్వెరట్రాల్ వస్తుంది. చిన్న మార్పుతో పదార్థమే మారిపోవడం విద్యార్థి తన చేత్తో చేసి చూస్తాడు. పాఠంలో ఎంత చెప్పినా ఇంతలా నాటుకోదు. పబ్‌కెమ్‌లో 11 కోట్లకు పైగా పదార్థాల వివరాలున్నాయి. పైసా కట్టనక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు. మందుల పరిశోధనకు పనికొచ్చే కెంబల్ అనే భాండాగారం కూడా ఉచితమే. చెన్నైలోని గణితశాస్త్ర సంస్థ మన ఔషధ మొక్కల్లోని పదార్థాలతో రూపొందించిన ఇంప్యాట్ కూడా అంతే.

ఇంత ఉండి కూడా మా విద్యార్థులు ప్రాక్టికల్ రికార్డులో పెన్సిలుతో షడ్భుజాలు గీస్తూనే మూడేళ్లు గడిపేస్తున్నారు. చేత్తో గీయడం రావాలి, కాదనను. కానీ పీజీకి వెళ్లాక, ఫార్మా కంపెనీలో చేరాక వాళ్ల ముందుండేది కంప్యూటరే. తిరుపతికి దగ్గర్లోనే ఐఐటీ, ఐసర్ వంటి జాతీయ విద్యాసంస్థలు ఉన్నాయి. అక్కడి వాళ్లకు ఇవన్నీ రోజువారీ పనిముట్లు. పక్కనే ఉన్న డిగ్రీ కళాశాల విద్యార్థికి మాత్రం వాటి పేరు చెప్పేవారు లేరు. ఈ తేడా నన్ను బాధిస్తోంది.

కొత్త భవనాలు అడగడం లేదు. బీఎస్సీ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో ఒక భాగాన్ని ఈ సాధనాలకు కేటాయించి, మార్కులు పెట్టండి. మార్కులు లేనిదాన్ని మా కళాశాలల్లో ఎవరూ పట్టించుకోరు. కంప్యూటర్ ల్యాబును వారానికి ఒక పూట కెమిస్ట్రీ వారికి కేటాయించమని ఉత్తర్వు ఇవ్వండి. అధ్యాపకులకు ముందుగా శిక్షణ ఇప్పించండి. ఈ భాండాగారాల్లోకి సమాచారం రకరకాల చోట్ల నుంచి చేరుతుంది, తప్పులూ దొర్లుతాయి. మూల పరిశోధన పత్రంతో సరిచూసుకోవడం కూడా ఆ శిక్షణలోనే నేర్పాలి.

వచ్చే విద్యా సంవత్సరం పాఠ్య ప్రణాళిక ఖరారయ్యేలోపే నిర్ణయం తీసుకోవాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక కెమిస్ట్రీ అధ్యాపకుడు,
తిరుపతి