సిలికాన్ మాడ్యులేటర్ల గురించి కూడా రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

డేటా కేంద్రాల గురించి వార్త వచ్చిన ప్రతిసారీ, రాగి తీగల్లో విద్యుత్తుకు బదులు కాంతిని వాడితే సమాచారం ఎన్నో రెట్లు వేగంగా ప్రయాణిస్తుందని పత్రికలు రాస్తున్నాయి. ఈ మాట సరికాదు. గాజు ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళుతుంది. మంచి రాగి కేబుల్‌లో విద్యుత్ సంకేతం వేగం కూడా దానికి అటూఇటూగానే ఉంటుంది. అసలు తేడా ఎంత సమాచారాన్ని మోయగలదు, దూరం వెళ్లేకొద్దీ సంకేతం ఎంత క్షీణిస్తుంది అన్న వాటిలో ఉంది. ఒక్కో జత తీగల్లో సెకనుకు 100 గిగాబిట్లు పంపాలంటే మామూలు రాగి కేబుల్ రెండు మూడు మీటర్లకే చేతులెత్తేస్తుంది. అదే సమాచారాన్ని ఫైబర్ కిలోమీటర్ల దూరం చేరవేస్తుంది.

కాబట్టి సెకనుకు ఎంత సమాచారం పంపగలమో నిర్ణయించేది ఫైబర్ కాదు, విద్యుత్ సంకేతాన్ని కాంతి మీదికి ఎక్కించే మాడ్యులేటర్. దాని గురించి మాత్రం తెలుగులో దాదాపు ఎవరూ రాయడం లేదు.

లిథియం నయోబేట్ వంటి స్ఫటికాలకు వోల్టేజి ఇస్తే వాటి వక్రీభవన గుణకం, అంటే పదార్థంలో కాంతి ఎంత నెమ్మదిస్తుందో చెప్పే కొలత, తక్షణం మారుతుంది. సిలికాన్ స్ఫటిక నిర్మాణంలోని సౌష్ఠవం వల్ల దానికి ఆ గుణం లేదు. అయితే సిలికాన్‌లో ఎలక్ట్రాన్లు, రంధ్రాల (ఎలక్ట్రాన్ లేని ఖాళీల) సాంద్రతను మారిస్తే వక్రీభవన గుణకం ఎంత మారుతుందో 1987లో సోరెఫ్, బెన్నెట్ అనే పరిశోధకులు లెక్కగట్టి చూపారు. నేటి సిలికాన్ మాడ్యులేటర్లకు ఆ లెక్కలే పునాది. అర మైక్రోమీటరు వెడల్పు కూడా లేని సిలికాన్ మార్గం మధ్యలో డయోడ్‌ను అమర్చి, దానికి వ్యతిరేక దిశలో వోల్టేజి ఇస్తే ఆవేశ వాహకాలు, అంటే ఆ ఎలక్ట్రాన్లు, రంధ్రాలు, పక్కకు తొలగుతాయి. గుణకం నాలుగో దశాంశ స్థానంలో మారుతుంది. మార్పు ఇంత స్వల్పం కనుక, కాంతిని రెండు దారుల్లోకి చీల్చి, మళ్లీ కలిపినప్పుడు వెలుగు పెరిగేలా లేదా తగ్గేలా చేసే మాక్-జెండర్ మాడ్యులేటర్‌లో ఆ దారులు మిల్లీమీటర్ల పొడవు ఉండాలి. 2004లో ఇంటెల్ పరిశోధకులు మాక్-జెండర్ పరికరంతోనే 1 గిగాహెర్ట్జ్‌ను దాటారు. 2007 నాటికి సెకనుకు 40 గిగాబిట్లకు చేరారు.

కార్నెల్ విశ్వవిద్యాలయం 2005లో చూపిన మార్గం నన్ను మరింత ఆకట్టుకుంది. అక్కడి పరిశోధకులు 12 మైక్రోమీటర్ల వ్యాసం గల సిలికాన్ వలయాన్ని మాడ్యులేటర్‌గా పనిచేయించారు. తనకు సరిపడే తరంగదైర్ఘ్యం గల కాంతి ఆ వలయంలో మళ్లీ మళ్లీ తిరుగుతుంది కాబట్టి అత్యల్ప మార్పు కూడా పెద్ద ప్రభావం చూపుతుంది, తక్కువ శక్తి సరిపోతుంది. ఇబ్బందల్లా వేడితోనే. ఒక్క డిగ్రీ ఉష్ణోగ్రత పెరిగితే వలయానికి సరిపడే తరంగదైర్ఘ్యం నానోమీటరులో పదో వంతు దాకా జరుగుతుంది. నాలుగైదు డిగ్రీలు మారితే లేజర్‌కూ వలయానికీ పొత్తు కుదరదు. నిప్పులు చెరిగే ప్రాసెసర్ పక్కనే ఉండాల్సిన పరికరానికి ఇది చిన్న కష్టం కాదు. అందుకే ప్రతి వలయం మీదా ఒక సూక్ష్మ హీటరును పెట్టి, కాంతిని గమనిస్తూ క్షణక్షణం సరిచేస్తుంటారు. ఆ హీటరుకూ విద్యుత్తు కావాలి. సిలికాన్ తనంతట తాను సరిగా కాంతిని వెలువరించలేదు కనుక ఇండియం ఫాస్ఫైడ్ వంటి పదార్థాలతో చేసిన లేజర్ విడిగా ఉండాలి. దాని ఖర్చు దానిది.

మాడ్యులేటర్ ఒక్కటే ఎంత తక్కువ శక్తితో నడుస్తుందో చెప్పే ప్రకటనలను యథాతథంగా అచ్చువేస్తే పాఠకులకు సగం లెక్కే అందుతుంది. ఇకపై ఇటువంటి వార్తల్లో సెకనుకు ఎన్ని గిగాబిట్లన్నదానితో పాటు లేజర్, హీటరు, వాటిని నడిపే సర్క్యూట్లన్నీ కలిపి ఒక్కో బిట్‌కు ఎంత శక్తి ఖర్చవుతోందో కూడా ప్రచురించాలనీ, మీ విజ్ఞాన పేజీలో ఈ పరికరాలపై బొమ్మలతో ఒక సవివరమైన వ్యాసం వేయాలనీ కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు