చందా ఇచ్చే ముందు ఆ పిల్లకు ట్రైనింగ్ అయిందా అని అడగండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ పేపర్ జిల్లా పేజీలో ఒక వార్త చూసిన. మన చంద్రపూర్ జిల్లా జివతి తాలూకాకు చెందిన ఒక ఆడపిల్ల ఎవరెస్ట్ ఎక్కడానికి ఎంపికైంది, ముప్పై ఐదు లక్షలు కావాలె, దాతలు ముందుకు రావాలె అని. ఫోటోలో చేతిలో ఐస్ యాక్స్, అదే మంచు గొడ్డలి, పట్టుకొని ఉంది, ముఖంలో ఎంత వెలుగో. సంతోషపడాల్సింది పోయి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలే. వార్త రెండుసార్లు చదివిన, ఇంతకు ముందు ఏ మంచుకొండ ఎక్కింది, ఏ కోర్సు పాసయింది అని ఒక్క లైన్ లేదు. వార్త చివరికి పోయి చూస్తే ఎంపిక చేసింది పైసలు తీసుకొని కొండ ఎక్కించే ఏజెన్సీయే.

నేను ముప్పై రెండేండ్లు మహారాష్ట్రల ఈ రాజురా వైపు బొగ్గుబాయిల పనిచేసి రిటైర్ అయిన మనిషిని. మా తాతలది కరీంనగర్ జిల్లా, బాయి పని కోసమే ఇటొచ్చి ఇక్కడే ఉండిపోయినం. బాయిలకు కొత్తగా వచ్చినోడు ఎంత బలం ఉన్నోడైనా ముందు వీటీ (వొకేషనల్ ట్రైనింగ్) సెంటర్ల ట్రైనింగ్ కావాల్సిందే, 1966 నుంచి దానికి రూల్సే ఉన్నయి. విషగాలి వస్తే ఊపిరి కాపాడే సెల్ఫ్ రెస్క్యూయర్ నడుముకు కట్టుకునుడు, విప్పి నోట్ల పెట్టుకునుడు నేర్పకుండ కిందికి పంపరు. అట్లాంటిది బాయి కంటే వెయ్యి రెట్లు కఠినమైన చోటికి మన పిల్లల్ని చప్పట్లు కొట్టి, దండలేసి, ఏమీ నేర్పకుండ పంపుతున్నం.

నాకు తెలిసి ఎందుకు మాట్లాడుతున్ననంటే మా అక్క కొడుకు పోయొచ్చిండు. ఎవరెస్ట్ పోతనంటే ఏజెన్సీ వాళ్లు ముందు నేపాల్‌ల మనాస్లు చెయ్యి, 8,163 మీటర్లు, దాంతోని ఎవరెస్ట్ ఈజీ అయితది అన్నరు. పన్నెండు లక్షలు. అక్క చేను తాకట్టు పెట్టింది, ఆటో స్టాండోళ్లు ఇచ్చిన్రు, మా గల్లీ గణేష్ మండలి పోరగాళ్లు ఆ ఏడాది డీజే మానేసి ఆ పైసలు తెచ్చి చేతిలో పెట్టిన్రు. కాఠ్మండూ దిగినంక తెల్సింది, ప్యాకేజీలో ఆక్సిజన్ రెండు సిలిండర్లే, ఎక్కువ కావాలంటే ఎక్స్‌ట్రా, కొండ మీద తోడుండి నడిపించే షెర్పా తనొక్కడికే ఒకడు కావాలన్నా ఎక్స్‌ట్రా. ముగ్గురికి కలిపి ఒక షెర్పాను పెట్టిన్రు. మంచు మీద జారకుండ బూట్లకు కట్టే ఇనుప ముళ్లు, క్రాంపాన్లు, జీవితంలో మొదటిసారి కట్టుకున్నది కొండ మొదట్ల ఉండే ఆ బేస్ క్యాంపులోనే అంట.

పైన రెండో మకాం, క్యాంప్ 2 కాడ తలనొప్పి, వాంతులు. ఎవ్వరికీ చెప్పలే. "ఊరంతా చందా ఇచ్చిన్రు మామా, ఏ మొఖం పెట్టుకొని దిగొస్త" అన్నడు నాతోని తర్వాత. ఆ ఒక్క మాట మీద నేను ఎన్ని రాత్రులు ఆలోచించిన్నో. తాడును పట్టి పైకి జరగడానికి వాడే జుమార్ తగిలించబోయి పెద్ద గ్లోవ్ తీసిండు, దాన్ని మణికట్టుకు తాడుతోని కట్టుకోవాలె అని కూడా ఎవరూ చెప్పలే, గాలికి పోయింది. ఆ షెర్పా తమ్ముడు తన సంచిలది తీసి తొడిగి, రాత్రంతా పట్టుకొని కిందికి తెచ్చిండు, ఆయన చల్లగుండాలె. హెలికాప్టర్ అంటే ముందు పైసలు కట్టమన్నరు, ఇన్సూరెన్స్ కాయితం చూస్తే 6,000 మీటర్ల దాకే చెల్లుతదని ఉంది. అక్క పుస్తెలతాడు పెట్టింది. కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోయినయి. ఇప్పుడు చొక్కా గుండీలు పెట్టుకోరాదు, ఇరవై నాలుగేండ్ల పిలగానికి పొద్దున్నే వాళ్లమ్మ వచ్చి పెడతది. ఏజెన్సీని అడిగితే ఇంగ్లీషుల ఉన్న ఫారం చూపించి సంతకం నీదే కదా అన్నరు.

పైన గాలి సంగతి కూడా మనోళ్లకు సరిగ్గ తెల్వదు. బాయిల గాలిల ఆక్సిజన్ 19 శాతానికి తగ్గకుండ చూసేది మా డ్యూటీ. ఎత్తుల శాతం ఎక్కడైనా అంతే ఉంటది, ఇరవై ఒక్కటి, కానీ గాలి ఒత్తిడే పడిపోతది, ఎవరెస్ట్ కొన మీద సముద్ర మట్టంతో పోలిస్తే మూడో వంతే. అందుకే ఒంటిని మెల్లగ అలవాటు చెయ్యాలె, మూడు వేల మీటర్లు దాటినంక పడుకునే ఎత్తు రోజుకు ఐదు వందల మీటర్ల కంటే పెంచొద్దు, మూడు నాలుగు రోజులకొకసారి ఆగాలె. తల తిరిగి నడక తూలినా, కూసున్నా ఆయాసం వచ్చినా ఆలస్యం చెయ్యకుండ దిగాలె, మందులు దిగేదాకా ఆదుకుంటయి అంతే. ఇవి ఒక మంచి కోర్సుల మొదటి వారమే చెప్తరు.

పేదింటి పిల్లలు పోవద్దని నేను అంటలేను, ఎవరైనా అట్ల చదువుకుంటే నా లేఖ తప్పు చదివినట్టే. 2014 మే 25న తెలంగాణ గిరిజన పిల్ల మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది, అప్పటికి ఆ పిల్లకు పద్నాలుగేండ్లు నిండలే. అట్లనే 2018 మేల మన చంద్రపూర్ జిల్లా ఆశ్రమశాలల ఆదివాసీ పిల్లలు మహారాష్ట్ర సర్కారు పంపిన మిషన్ శౌర్యల పోయి ఐదుగురు ఎవరెస్ట్ శిఖరం మీద నిలబడ్డరు, ఆ రోజు మా బస్తీల స్వీట్లు పంచినం. కానీ వాళ్లు ఎట్ల పోయిన్రు? పూర్ణ వాళ్లను భువనగిరి గుట్ట మీద వంద మందికి పైగా పిల్లల నుంచి వడబోసి, డార్జిలింగ్ పంపి, లద్దాఖ్ చలిల తిప్పి, చివరికి ఇద్దరినే పంపిన్రు. మిగతా పిల్లల్ని ఆపేసిన్రు చూడండి, ఆ ఆపే ధైర్యం ఉన్నోళ్లు వెనకాల ఉండాలె. డబ్బు కట్టించుకున్న ఏజెన్సీ ఎవర్ని ఆపుతది?

2019ల నేపాల్ ఎవరెస్ట్‌కు 381 పర్మిట్లు ఇచ్చింది, కొన కాడ మనుషులు లైన్ల నిలబడ్డ ఫోటో అందరం చూసినం, నేపాల్, టిబెట్ రెండు వైపులా కలిపి ఆ సీజన్ల పదకొండు మంది చనిపోయిన్రు. ఆ పర్మిట్ ఫీజును నేపాల్ 11,000 డాలర్ల నుంచి 15,000 డాలర్లకు పెంచింది, అంటే ఒక్క పర్మిట్‌కే పన్నెండు లక్షల పైనే. ముందు నేపాల్‌ల 7,000 మీటర్లు దాటిన శిఖరం ఎక్కినోళ్లకే ఎవరెస్ట్ పర్మిట్ అనే బిల్లు కూడా 2025ల పెట్టిన్రు. వాళ్ల దేశానికి వచ్చే పైసలను కూడా పక్కన పెట్టి వాళ్లే ఆ ఆలోచన చేస్తుంటే, మన పిల్లల కోసం మనం ఒక ప్రశ్న అడగలేమా.

మీ పేపర్‌కు నా విన్నపం. ఇట్లాంటి సాయం వార్త వేసే ముందు విలేకరి కొండలెక్కుడు నేర్పే సర్కారు సంస్థలు ఉత్తరకాశీ నిమ్‌ల గానీ డార్జిలింగ్ హెచ్ఎంఐల గానీ చేసిన బేసిక్ కోర్సు సర్టిఫికెట్ ఉందా, ఏ గ్రేడ్ వచ్చింది అని అడిగి అది కూడా రాయాలె. బేసిక్‌ల 'A' గ్రేడ్ వస్తేనే అడ్వాన్స్ కోర్సుకు తీసుకుంటరు, బేసిక్ నెల రోజుల కోర్సు, ఫీజు వేలల్లనే అయిపోతది. చందా ఇచ్చే పెద్దమనుషులు ఆ ఫీజు కట్టండి, రైలు టికెట్ తీయించండి, ఇన్సూరెన్స్ ఎన్ని మీటర్ల దాకా ఉందో కాయితం చూడండి. ఆదివాసీ వికాస్ శాఖ, జిల్లా క్రీడా కార్యాలయం కలిసి ఏటా పది మంది పిల్లలకు ఆ కోర్సు సీట్లు ఇప్పిస్తే ఒక్క ఎవరెస్ట్ టికెట్ ఖర్చు కూడా కాదు, సీటు దొరకడానికి ఎదురుచూడాల్సి వస్తది కాబట్టి ఇప్పుడే పేర్లు పంపాలె. రాయి ఎక్కుడు నేర్చుకోవడానికి మాణిక్‌గడ్ వైపు గుట్టలు మనకు ఉండనే ఉన్నయి.

జివతి పిల్ల నెంబర్ మీ విలేకరి కాడ ఉంటది కదా. వాళ్ల ఇంటోళ్లు ఒప్పుకుంటే మాకు ఇప్పించండి. మా మేనల్లుడు ఫోన్ చేసి మాట్లాడతనంటున్నడు, అవసరమైతే బండి మీద జివతి దాకా వస్త అంటున్నడు.

ఇట్లు
ఒక రిటైర్డ్ బొగ్గుబాయి కార్మికుడు
రాజురా, చంద్రపూర్ జిల్లా