కాగితంలో ఎల్లో, ఇంట్లో నలుపు: కుక్కపిల్లను అమ్మిన కంపెనీకి ఫిర్యాదు

ఖమ్మం,
8 సెప్టెంబర్ 2025

మేనేజర్ గారికి,
హైదరాబాద్ బ్రాంచి

విషయం: 14 జూన్ 2025న మీ దగ్గర కొన్న లాబ్రడార్ పిల్ల, దానికి మీరిచ్చిన తప్పుడు పేపర్లు, వైద్యం ఖర్చు గురించి

అయ్యా,

ఈ విషయం మీద మీ ఆఫీసుకు ఇప్పటికి ఆరుసార్లు ఫోన్ చేశాను. ఆరుసార్లూ వేరే వేరే మనుషులు ఎత్తారు. ప్రతిసారీ "ఏ పప్పీ మేడం? ఏ కలర్?" దగ్గర్నుంచి కథ మళ్లీ మొదలు. అందుకే ఈసారి రాసి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. ఎవరు చదివినా మొదటి నుంచి చివరిదాకా అర్థం కావాలని కొంచెం వివరంగానే రాస్తున్నాను.

కుక్కపిల్లను తెచ్చుకుందామని మా ఇంట్లో అనుకున్నది ఏప్రిల్‌లో. ఎక్కణ్ణుంచి తేవాలన్నది తేలడానికి రెండు నెలలు పట్టింది. మా స్కూల్లో తోటి టీచరు వాళ్ల వీధిలో పుట్టిన పిల్లను తీసుకెళ్లమంది, డబ్బు ఖర్చే లేదంది. మా కాలనీలోనే ఒకరింట్లో పెంపుడు లాబ్రడార్ పిల్లలు పెట్టింది. వాళ్లు ఎనిమిది వేలు చెప్పారు, వంశాన్ని చెప్పే పేపర్లు మాత్రం లేవన్నారు. మూడోది మీ ప్రకటన. "కేసీఐ సర్టిఫైడ్, మైక్రోచిప్, ఫుల్ వ్యాక్సినేషన్" అని పెద్ద అక్షరాల్లో ఉంది. కేసీఐ అంటే కుక్కల వంశాన్ని నమోదు చేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా, మైక్రోచిప్ అంటే కుక్క చర్మం కింద పెట్టే గుర్తింపు నంబరు చిప్. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. "పేపర్లు లేకపోతే అది నిజంగా లాబ్రడారో కాదో ఎలా తెలుస్తుందమ్మా?" అని అడిగింది. నాకూ సబబుగానే అనిపించింది. బోర్డు, ఆఫీసు, రసీదు ఉన్న చోట కొంటే రేపు ఏదైనా తేడా వస్తే అడగడానికి ఒకరుంటారనుకున్నాను. ఇప్పుడు అడుగుతున్నాను.

జూన్ 14 రెండో శనివారం. మావారు, నేను, అమ్మాయి పొద్దున్నే బయల్దేరి దాదాపు రెండు వందల కిలోమీటర్లు వచ్చాం. అద్దాల గూట్లో ఐదు నల్ల పిల్లలున్నాయి. మేం చూపించిన పిల్లకు మీ సేల్స్ అబ్బాయి రెండు ధరలు చెప్పాడు. పేపర్లతో అయితే 26 వేలు, పేపర్లు వద్దంటే 15 వేలు. అదే పిల్ల. ఆ మాట అక్కడే నాకు తట్టాల్సింది, తట్టలేదు. పిల్ల పుట్టుకను చెప్పే కాగితం ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. కొనేవాడు వద్దంటే లేకుండా పోయి, 11 వేలు ఎక్కువిస్తే పుట్టుకొచ్చే కాగితం ఏ పుట్టుకను చెబుతుంది? హోటల్లో పెరుగు ఎక్స్‌ట్రా అన్నట్టు చెప్పాడు ఆ అబ్బాయి. నేనూ అలాగే విని డబ్బు కట్టాను. నా తెలివితక్కువతనం నేను ఒప్పుకుంటాను. మీది మీరు ఒప్పుకోవాలి.

తల్లిని చూపించమన్నాం. ఫామ్‌లో ఉంది, ఊరి బయట, ఇన్ఫెక్షన్ వస్తుందని బయటివాళ్లను రానివ్వం అన్నారు. పరిశుభ్రత గురించి అంత పట్టింపు ఉన్నవాళ్లు కదా అని మెచ్చుకున్నాను కూడా.

మీరిచ్చిన రసీదు తీరా చూస్తే పైన "ఎస్టిమేట్" అని ఉంది. పిల్ల ధర లేదు, "సర్వీస్ ఛార్జీలు 26,000" అని ఉంది. అడుగున "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని అచ్చు. ఊపిరున్న పిల్లను సరుకన్నందుకు కాదు నా బాధ. సరుకైనా సరే, సరైన బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్నదాన్ని వెనక్కి తీసుకోననడం 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతుల కిందే ఉన్నాయి. రసీదు మీద ఏం అచ్చువేసినా అది మారదు.

ఇంటికొచ్చాక పిల్ల ఏమీ తినలేదు. మీరు అంటగట్టిన 1,800 రూపాయల దాణా బస్తా వాసన చూసి పక్కకు పోయింది. రాత్రంతా కుయ్యోమంటూ నా పమిట చెంగు చీకింది. ఆదివారం డాక్టరు దగ్గరికి తీసుకెళితే ఆయన ముందు నోరు తెరిచి చూశారు. పాలపళ్లు మొత్తం 28, ఎనిమిది వారాల పిల్లకు దాదాపు అన్నీ వచ్చేసి ఉండాలి. దీనికి ముందు పళ్లు వచ్చాయి కానీ వెనక దవడ పళ్లు ఇంకా పూర్తిగా లేవలేదు. "ఐదు వారాలు, మహా అయితే ఐదున్నర" అన్నారు. మీ కార్డు మీద పుట్టిన తేదీ ఏప్రిల్ 19. అంటే అమ్మిన రోజుకు సరిగ్గా ఎనిమిది వారాలు, ఒక్క రోజు అటూ ఇటూ లేకుండా. 2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల్లో ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని ఉంది. ఆ సంగతి మీకు తెలుసు కాబట్టే తేదీ అంత కచ్చితంగా కుదిరింది.

అదే కార్డులో జూన్ 1న టీకా వేసినట్టు రాసి ఉంది. డాక్టరు లెక్కన అప్పటికి పిల్లకు మూడు వారాలు. ఆ వయసులో ఆ టీకా ఎవరూ వేయరు. టీకా వేస్తే మందు సీసా మీది స్టిక్కరు పీకి కార్డులో అతికిస్తారు, బ్యాచ్ నంబరుతో సహా. మీ కార్డులో స్టిక్కరు లేదు, డాక్టరు సంతకం లేదు, రిజిస్ట్రేషన్ నంబరు లేదు. షాపు ముద్ర ఒక్కటే ఉంది.

బుధవారం, జూన్ 18 సాయంత్రం నుంచి వాంతులు. రాత్రికి నెత్తుటి విరేచనాలు. పరీక్ష కిట్ పెట్టి చూస్తే పార్వో అని తేలింది, కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బు. ఈ వైరస్ ఒంట్లో చేరాక బయటపడటానికి మామూలుగా మూడు నుంచి ఏడు రోజులు పడుతుందట. మా ఇంట్లో అంతకుముందు కుక్క లేదు, పిల్లను ఆస్పత్రికి తప్ప గడప దాటించలేదు. మీ షాపులో గుప్పున కొట్టిన ఫినాయిల్ వాసన గుర్తుకొచ్చి ఆ మాట చెబితే, ఫినాయిల్‌కు పార్వో చావదమ్మా, బ్లీచింగ్ కావాలి అన్నారు డాక్టరు. ఆరు రోజులు సెలైన్లు ఎక్కించారు. స్కూళ్లు తెరిచిన మొదటి వారంలోనే సెలవు పెట్టి కూర్చున్నాను. కిలోన్నర పిల్ల ముంగాలికి సూది గుచ్చి పెడితే అది దాన్ని నాకుతూ మా వైపు చూసేది. ఆ ఆరు రోజుల గురించి ఇంతకంటే రాయను. బతికింది. ఖర్చు 18,400 రూపాయలు, బిల్లులు జతచేశాను.

అప్పుడు మీకు ఫోన్ చేస్తే ఒకాయన, "వెనక్కి తెచ్చేయండి మేడం, వేరే పప్పీ ఇస్తాం" అన్నారు. ఎక్కడ పెట్టి ఇస్తారు? అదే అద్దాల గూట్లోనేగా?

ఇక అసలు విషయం, పేపర్లు. వారంలో వస్తాయన్నవి ఆగస్టు 2న కొరియర్లో వచ్చాయి. తీసి చూస్తే ఆడపిల్ల అని ఉంది, సరే. రంగు దగ్గర ఎల్లో అని ఉంది. అంటే గోధుమ రంగు. మా పిల్ల నలుపు. ఎంత నలుపంటే మా అమ్మాయి దానికి కాటుక అని పేరు పెట్టింది. ఫోన్ చేస్తే మీ వాళ్లలో ఒకరు, "పెరిగేకొద్దీ రంగు తేలుతుంది మేడం" అన్నారు. మర్నాడు ఇంకొకరు, "ప్రింటింగ్ మిస్టేక్, సరిచేయిస్తాం" అన్నారు. నమ్మకం కుదరడానికని తల్లిదండ్రుల ఫొటోలు వాట్సాప్‌లో పంపారు. చక్కటి కుక్కలు. రెండూ గోధుమ రంగువే.

అయ్యా, నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. నల్ల లాబ్రడార్లు రెండింటికి గోధుమ రంగు పిల్ల పుట్టవచ్చు. గోధుమ రంగువి రెండింటికి నల్ల పిల్ల పుట్టదు. నలుపు రావడానికి కావలసిన జన్యువు కనీసం ఒకరి దగ్గరైనా ఉండాలి, అదే ఉంటే ఆ కుక్క గోధుమ రంగులో ఉండదు. పదో తరగతిలో వంశపారంపర్యం గురించి మెండెల్ బఠాణీల పాఠం విన్న పిల్లలెవరిని అడిగినా చెబుతారు. తప్పును కప్పిపుచ్చడానికి మీరు పంపిన ఫొటోలే తప్పును పట్టించాయి.

చిప్ సంగతి కూడా చెప్పి ముగిస్తాను. సర్టిఫికెట్ మీద 15 అంకెల మైక్రోచిప్ నంబరు ఉంది. డాక్టరు స్కానరుతో మెడ నుంచి భుజాల దాకా రెండుసార్లు తిప్పి చూశారు. ఏమీ పలకలేదు. మా పిల్ల ఒంట్లో చిప్పే లేదు. ఆ నంబరున్న చిప్ ఎక్కడో ఒక గోధుమ రంగు కుక్క మెడలో ఉండి ఉంటుంది. దాని కాగితం మా బీరువాలో ఉంది.

"పెట్‌గా పెంచుకునేదానికి పేపర్లతో పనేముంది మేడం, షోలకు తీసుకెళ్తారా ఏంటి?" అని మీ సేల్స్ అబ్బాయి నవ్వాడు. 11 వేలు పుచ్చుకున్నాక అడగాల్సిన ప్రశ్న కాదది. అయినా జవాబు చెబుతాను. నాకు షోలు అక్కర్లేదు. కాగితం ఆరోగ్యానికి గ్యారంటీ కాదనీ తెలుసు. చెన్నైలో ఉన్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా వంశాన్ని నమోదు చేస్తుంది కానీ కుక్క గుండెకు, కీళ్లకు పూచీ పడదు. కాకపోతే లాబ్రడార్లకు తుంటి కీలు వదులయ్యే జబ్బు వంశంలో వస్తుంది. తల్లిదండ్రులెవరో తెలిస్తే వాటి ఎక్స్‌రేలు తీశారా అని అడగవచ్చు. తాతల పేర్లు చూస్తే రెండు వైపులా ఒకే పేరు వచ్చిందేమో తెలుస్తుంది. మనుషుల్లో మేనరికం అని జంకుతాం, కుక్కల్లో అన్నాచెల్లెళ్లనే కలిపేవాళ్లుంటారు. మా మామయ్య రైతు. వాళ్ల ఊళ్లో ఆంబోతును కొన్నేళ్లకోసారి మార్చేవాళ్లట, దాని దూడలే ఎదిగి దాని ముందుకు రాకుండా. ఆ మాత్రం జాగ్రత్త కోసమే నేను పేపర్లు అడిగింది. మీరిచ్చిన దాంట్లో మూడు తరాల పేర్లున్నాయి. వాటిలో ఒక్కటీ కాటుకకు చుట్టం కాదు.

మా కాలనీలో ఎనిమిది వేలకు అమ్మిన పిల్ల రోజూ మా గేటు ముందునుంచే వాకింగ్‌కు వెళ్తుంది. దాని తల్లిని మేం అందరం చూశాం, ముట్టుకున్నాం. పేపర్లు లేవని వద్దనుకున్నది నేనే.

నాకు కావలసింది ఇది. పేపర్ల పేరుతో అదనంగా తీసుకున్న 11,000, వైద్యానికైన 18,400, కలిపి 29,400 రూపాయలు 15 రోజుల్లో చెల్లించండి. అసలు పిల్ల ధర 15 వేలు నేనడగడం లేదు. కాటుక నాకు వచ్చింది, దాన్ని వెనక్కి ఇవ్వను, మార్చుకోను. రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో మీ షాపుకూ మీ ఫామ్‌కూ ఉన్న రిజిస్ట్రేషన్ నంబర్లు రాసి పంపండి. ఆ సర్టిఫికెట్ ఏ పిల్లదో తేల్చి దాని యజమానికి చేర్చండి. అంతవరకు ఒరిజినల్ నా దగ్గరే ఉంటుంది, కాపీ కెన్నెల్ క్లబ్‌కు పంపుతున్నాను. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పి, ఆ తర్వాత ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. ఐదు లక్షల లోపు కొనుగోళ్ల మీద ఫిర్యాదుకు అక్కడ ఫీజు కూడా లేదు. లాయరును పెట్టుకోవాల్సిన పని కూడా లేదు, మాట్లాడటం నా ఉద్యోగమే.

డబ్బు కంటే ముందు చేయాల్సిన పని ఇంకొకటుంది. ఆ రోజు గూట్లో కాటుకతో పాటు ఇంకా నాలుగు పిల్లలున్నాయి. మాకు పార్వో అని తేలిన మర్నాడే, జూన్ 19న, మీకు చెప్పాను. మిగతావాటిని కొన్నవాళ్లకు మీరు ఫోన్ చేశారా? చేయకపోతే ఇప్పుడైనా చేయండి. వాళ్ల పిల్లలు బతికి ఉంటే ఆ కార్డుల్లో రాసిన టీకాలు నమ్మవద్దని, మళ్లీ వేయించుకొమ్మని చెప్పండి. ఎవరెవరికి ఫోన్ చేశారో, వాళ్లేమన్నారో మీ జవాబులో రాయండి.

ఇట్లు,
కొనుగోలుదారు
(పేరు, చిరునామా, ఫోన్ నంబరు ఎస్టిమేట్ కాపీ మీద ఉన్నాయి)

జతచేసినవి: ఎస్టిమేట్ కాపీ, టీకా కార్డు కాపీ, ఆస్పత్రి బిల్లులు, వయసు గురించీ చిప్ గురించీ డాక్టరు రాసిచ్చిన కాగితం, సర్టిఫికెట్ కాపీ, మీరు పంపిన రెండు ఫొటోలు, కాటుక ఫొటో ఒకటి.

తా.క.: గేదెను కొనేముందు రెండు పూటలు పాలు పితికించి చూసే మనిషి మా మామయ్య. తల్లిని చూడకుండా ఎట్లా కొన్నారని ఇప్పటికీ దెప్పుతూనే ఉన్నారు. కాటుక అసలు తల్లి ఎక్కడుందో చెబితే ఒకసారి వచ్చి చూస్తానంటున్నారు. మీ ఫామ్ అడ్రసు కూడా రాయండి.