రొయ్య రక్తంలో ఉన్న మందు గురించి మత్స్యశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ మంత్రిగారికి నమస్కారాలు.

నేను ఆకివీడు దగ్గర ఒక పల్లెలో చిన్న ఆక్వా ల్యాబ్ నడుపుతున్నాను. తెల్లారేసరికి రైతులు సీసాల్లో చెరువు నీళ్ళు, కవర్లో నాలుగు రొయ్యలు పట్టుకుని వస్తారు. నీటి చుక్క ప్లేటు మీద పూసి ఉంచితే మర్నాటికి విబ్రియో అనే బ్యాక్టీరియా కాలనీలు తేలతాయి. కొన్ని పసుపు రంగులో, కొన్ని ఆకుపచ్చగా ఉంటాయి. ఆకుపచ్చవి ఎక్కువ కనిపించాయంటే జబ్బు భయంతో రైతు ముఖం మారిపోతుంది. "ఏం వెయ్యమంటారండీ?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు ధైర్యంగా చెప్పగల జవాబు నా దగ్గర సగమే ఉంది. మిగతా సగం కోసమే ఈ ఉత్తరం.

పోయిన వేసవిలో నాలుగెకరాలు లీజుకు చేస్తున్న ఒక రైతు చెరువులో వైట్ గట్, అంటే రొయ్య పేగు తెల్లబడే జబ్బు, వచ్చింది. షాపులో ఇచ్చిన పొడిని మేతలో కలిపాడు. పట్టుబడికి ముందు చేయించిన పరీక్షలో నైట్రోఫ్యూరాన్ అనే నిషిద్ధ యాంటీబయాటిక్ అవశేషం తేలింది. కొంటామన్నవాళ్ళు మళ్ళీ రాలేదు. ఆ ప్యాకెట్ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. రొయ్య బొమ్మ ఉంది, ధర ఉంది, మోతాదు ఉంది. లోపల ఏముందో మాత్రం ఒక్క ముక్క లేదు. "నేను యాంటీబయాటిక్ కొనలేదండీ" అని మూడుసార్లు అన్నాడు. నేను నమ్మాను. ల్యాబ్ రిపోర్టుకి ఆ మాట పట్టదు, విదేశీ రేవుకి అసలే పట్టదు. అవశేషాల భయంతోనే 2016లో యూరప్ మన రొయ్యల సరుకులో తనిఖీ చేసే వాటాను పది శాతం నుంచి యాభై శాతానికి పెంచింది.

యాంటీబయాటిక్ వద్దని మేమూ చెబుతున్నాం, మీ అధికారులూ చెబుతున్నారు. మరి దాని బదులు ఏమిటి?

సిరంజితో రొయ్య రక్తం తీస్తే లేత నీలి ఛాయతో ఉంటుంది, చూస్తుండగానే గడ్డకడుతుంది. మనలాగా యాంటీబాడీలు తయారుచేసుకునే ఏర్పాటు రొయ్యకు లేదు. అందుకే మన పిల్లలకు వేసే తరహా టీకా దానికి పనికిరాదు. అయినా కోట్ల బ్యాక్టీరియా ఉన్న నీటిలోనే బతుకుతోంది. 1997లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఇందుకు ఒక కారణం కనిపెట్టారు. రొయ్య రక్తకణాల్లో చిన్న సంచుల నిండా పెనైడిన్ అనే పెప్టైడ్లు దాగి ఉన్నాయి. పెప్టైడ్ అంటే ప్రొటీన్ లాంటిదే, కాకపోతే అమైనో ఆమ్లాల పొట్టి గొలుసు. ఆ శాస్త్రవేత్తలు పరీక్షించిన రొయ్య ఏదో తెలుసా అండీ? మన చెరువుల్లోని వనామీయే.

ఇలాంటి పెప్టైడ్లకు ధన విద్యుదావేశం ఉంటుంది, బ్యాక్టీరియా పైపొరకు ఋణావేశం. అందుకే వెళ్ళి అతుక్కుని ఆ పొరనే చీలుస్తాయి. చాలా యాంటీబయాటిక్‌లు బ్యాక్టీరియా లోపలి ఏదో ఒక పనిని ఆపుతాయి. ఇవి పైపొరనే చీలుస్తాయి కాబట్టి తట్టుకోవడం దానికి అంత తేలిక కాదు.

ఉన్నమాట చెప్పాలి. పెనైడిన్ విబ్రియో మీద అంతగా పనిచెయ్యదు. విబ్రియో తరహా బ్యాక్టీరియాను గట్టిగా దెబ్బతీసే పెప్టైడ్ టైగర్ రొయ్య రక్తంలో దొరికింది. థాయిలాండ్ శాస్త్రవేత్తలు దాన్ని ఈస్ట్ అనే సూక్ష్మజీవిలో తయారుచేసి చూశారు. 2009లో వనామీకి అనుమతి వచ్చాక మనం వదిలేసుకున్న ఆ టైగర్ రొయ్యే!

ఇది కలలో మాట కాదు. పాలను పులియబెట్టే బ్యాక్టీరియా తయారుచేసే నైసిన్ కూడా ఇలాంటి పెప్టైడే, చీజ్ చెడిపోకుండా దశాబ్దాలుగా వాడుతున్నారు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో ఆర్. నాగరాజ్ బృందం ఏళ్ళ తరబడి ఈ పెప్టైడ్ల మీదే పనిచేసింది. సహజ పెప్టైడ్‌లో ఒకటి రెండు అమైనో ఆమ్లాలు మార్చి కృత్రిమంగా తయారుచేస్తే మరింత గట్టిగా పనిచేసేవీ వస్తాయి. విద్య మన ఇంట్లోనే ఉంది.

అడ్డంకులూ తక్కువేం కాదు. ల్యాబ్‌లో అమైనో ఆమ్లాలు ఒక్కొక్కటే కూర్చి తయారుచేస్తే మేతలో కలిపే ధరకు రాదు, ఈస్ట్‌లోనో బ్యాక్టీరియాలోనో పండించాలి. మేతలో కలిపిన పెప్టైడ్ రొయ్య పేగులోనే అరిగిపోవచ్చు. అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది ఉప్పు. ఉప్పు పెరిగితే చాలా పెప్టైడ్ల పట్టు సడలుతుంది. మా వైపు చెరువుల్లో ఉప్పు తక్కువ, నెల్లూరు వైపు ఎక్కువ. ఒకచోట పనిచేసింది ఇంకోచోట చతికిలపడొచ్చు. గాజు గొట్టంలో వచ్చిన ఫలితం పట్టుకుని రైతుకు అమ్మకూడదని అందుకే అంటున్నాను.

కొలిస్టిన్‌ని మరిచిపోవద్దు. అదీ బ్యాక్టీరియా తయారుచేసే పెప్టైడే, ఏ మందుకూ లొంగని ఇన్ఫెక్షన్లకు ఆస్పత్రుల్లో ఆఖరి దిక్కు. దాన్ని కోళ్ళకూ పందులకూ మేతలో పోశారు. ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి దూకగల, ఆ మందును తట్టుకునే నిరోధక జన్యువు చైనాలో 2015లో బయటపడింది. మన దేశం 2019లో పశువుల మేతలో కొలిస్టిన్‌ను నిషేధించింది. పెప్టైడ్ అయినంత మాత్రాన నిరోధకత రాదనుకోవద్దు. మన కన్నీళ్ళలో, చర్మంలో కూడా ఇలాంటి పెప్టైడ్లే కాపలా ఉన్నాయి, బ్యాక్టీరియా వీటిని తట్టుకోవడం నేర్చితే ఆ కాపలాకూ ముప్పు రావచ్చు.

కాబట్టి నా విన్నపం ఇదండీ. నర్సాపురం మత్స్య విశ్వవిద్యాలయాన్నీ, సీసీఎంబీనీ, చెన్నైలోని ఉప్పునీటి ఆక్వా పరిశోధన సంస్థనూ ఒకచోట కూర్చోబెట్టండి. ఈస్ట్‌లో తయారైన రొయ్య పెప్టైడ్‌ను మా వైపు కొన్ని చెరువుల్లో, నెల్లూరు వైపు కొన్ని చెరువుల్లో ఒక పంట కాలం పరీక్షించండి. పక్కనే ఏమీ కలపని చెరువు కూడా ఉండాలి. పంట మొదట్లోనూ చివర్లోనూ విబ్రియోకు నిరోధకత వచ్చిందేమో చూడాలి. నష్టం వస్తే ప్రభుత్వం భరించాలి, ఫలితం మంచిదైనా చెడ్డదైనా తెలుగులో ప్రకటించాలి. ఈలోగా ఆక్వా షాపులో అమ్మే ప్రతి ప్యాకెట్ మీదా లోపలేముందో తెలుగులో రాయించండి. రేపు "పెప్టైడ్" అన్న పేరుతో కొత్త పొట్లాలు వచ్చేస్తాయి, పరీక్ష లేకుండా ఒక్కటీ గట్టు ఎక్కకూడదు.

ఆరేళ్ళ ప్లేటు లెక్కలు నా దగ్గర రిజిస్టర్లలో ఉన్నాయి, అడిగితే ఇస్తాను. పోయిన వేసవిలో దెబ్బతిన్న ఆ రైతు కూడా పరీక్షకు ఒక చెరువు ఇస్తానన్నాడు. లీజు వచ్చే ఏడాది వరకూ ఉందట.

ఇట్లు,
ఆకివీడు ప్రాంతపు ఒక ఆక్వా ల్యాబ్ నిర్వాహకుడు