మా పాట మమ్మల్నే పాడనివ్వండి సార్

జిల్లాలో ఉత్సవాల పనులు చూసే అధికారి గారికి,

నమస్కారం. సోమవారం గ్రీవెన్స్‌లో మూడుసార్లు అర్జీ ఇచ్చాను. మూడు రసీదులూ నా దగ్గరున్నాయి. జవాబే రాలేదు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మాది పులికాట్ ఒడ్డున గిరిజన కాలనీ. యానాదులం. మా అవ్వ శ్రీహరికోట దీవిలో పుట్టింది. 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశాక మావాళ్ళు అడవి వదిలి ఇవతలికొచ్చారు. తేనె, దుంపలు, మందుమొక్కలు అక్కడే ఉండిపోయాయి. వెంట తెచ్చుకున్నవి పాటలే. ఏ వేరు ఏ నొప్పికి పనికొస్తుందో అవ్వ ఇప్పటికీ పాడే చెబుతుంది.

పోయినేడు తిరుపతిలో ఒక ఉత్సవానికి మమ్మల్ని రమ్మన్నారు. సాయంత్రం ఐదుకల్లా స్టేజీ దగ్గరుండాలన్నారు. పన్నెండుమందిమి పలక డప్పులు మోసుకుని, రెండు బస్సులు మారి నాలుగింటికే చేరాం. వేటకు పోకపోతే ఆ పూట కూలి లేదని తెలిసే అందరూ వచ్చారు. ఆరయింది, ఎనిమిదయింది. స్టేజీ వెనక కుర్చీలు లేవు. అవ్వ నేలమీదే కూర్చుంది. భోజనం టోకెన్లలో మా పేర్లు లేవన్నారు. తొమ్మిదింటికి ఆకుల లంగాలు, తలకు ఈకలు కట్టుకుని ఎవరో పిల్లలు ఇరవై నిమిషాలు ఆడారు. మైకులో "మన జిల్లా యానాదుల నృత్యం" అన్నారు. అవ్వ నా చెయ్యి పట్టుకుని, "మనోళ్ళు ఈకలెప్పుడు కట్టారే?" అనడిగింది. నాకు నోట మాట రాలేదు. పిల్లల తప్పేం లేదు, వాళ్ళకెవరో అలా నేర్పారు. మేం పక్కనే ఉన్నాం, మమ్మల్ని ఒక్క మాట అడగొచ్చు కదా?

పదిన్నరకు పిలిచి ఒక్క పాట చాలన్నారు. రెండో చరణంలోనే మైకు ఆపేశారు. చివరి బస్సు పోయింది. తెల్లారేదాకా బస్టాండులోనే ఉన్నాం. డబ్బులు ఇంతవరకు రాలేదు. కొందరికి ఆధార్ లేదు, బిల్లు పెట్టలేమంటున్నారు. రమ్మని పిలిచినప్పుడు ఎవరూ ఆధార్ అడగలేదు సార్.

తిరుపతి గంగమ్మ జాతర చూడండి. కైకాల వంశం వాళ్ళు వేషాలు కడతారు. వాళ్ళను పక్కన కూర్చోబెట్టి ఇంకెవరితోనో కట్టిద్దామని ఎవరికైనా తోస్తుందా? మా దగ్గరికొచ్చేసరికి ఎందుకు తోస్తోంది?

మీరు పెట్టే మీటింగుకు మావాళ్ళను ఇద్దర్ని పిలవండి. ఏ పాట, ఎంతసేపు, ఏ బట్టలు అన్నది మేం చెబుతాం. మమ్మల్నే కాదు, ఎరుకల వాళ్ళనూ, సుగాలీలనూ, నక్కల వాళ్ళనూ పిలవండి. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవమని శాలువా కప్పి పంపేస్తే మళ్ళీ ఏడాదిదాకా మేం ఎవరికీ గుర్తుండం. ఆధార్ లేనివాళ్ళకు కాలనీలోనే క్యాంపు పెట్టించండి. ఆ పన్నెండుమంది డబ్బులు ఇప్పించండి. అది కష్టం చేసిన కూలి సార్.

అవ్వకు చూపు మందగించింది. మొన్న కూడా అడిగింది, ఈసారి పిలిస్తే పాట మొత్తం పాడనిస్తారా అని. ఆమెకేం చెప్పాలో దయచేసి మీరే చెప్పండి.

ఇట్లు,
పులికాట్ ఒడ్డు నుంచి ఒక యానాది ఆడబిడ్డ