నా ఎడమ చేతికి కాపలా కాసినవాళ్లకు

ఎడమ చేతిలో ఎముక విరిగి ఆటకు దూరమైన నేను, వచ్చే వారం మళ్లీ గోల్ఫ్ టోర్నమెంట్ ఆడుతున్నాను. ఆడేవాళ్ల జాబితాలో నా పేరు చూసినప్పటి నుంచి మెసేజ్‌లు ఆగడం లేదు. ఒక్కొక్కరికీ జవాబు రాయడం నా వల్ల కాదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

చేతికి ఏమైందని చాలామంది అడిగారు కాబట్టి చెబుతున్నా. విరిగింది హ్యామేట్ అనే చిన్న ఎముకకు ఉండే కొక్కెం. అరచేతిలో చిటికెన వేలి వైపు, మణికట్టుకు కాస్త పైన ఉంటుంది. కుడిచేతి ఆటగాడు క్లబ్ (గోల్ఫ్ కర్ర) పట్టుకుంటే దాని గ్రిప్ (పిడి) చివర వచ్చి ఆనేది ఎడమ చేతిలో అక్కడే. బంతితోపాటు గట్టి నేలో, చెట్టు వేరో తగిలిందంటే ఆ అదురంతా దానికే. మామూలు ఎక్స్‌రేలో ఇది తరచూ దొరకదు. నాకూ దొరకలేదు. బెణుకే అనుకుని కట్టు కట్టుకుని ఆడుతుంటే చివరి రెండు వేళ్లూ తిమ్మిరెక్కసాగాయి. పట్టుబట్టి సీటీ స్కాన్ తీయించి, విరిగిన ముక్క తీసేసిన డాక్టరుగారూ, మీకు మొదటి నమస్కారం.

మా ఫిజియో మేడమ్ సంగతి వేరు. ఆపరేషన్ తర్వాత నా క్లబ్‌లన్నీ తీసుకెళ్లి తన గదిలో పెట్టి తాళం వేశారు. బంతిని గుంతలోకి మెల్లగా తోసే పటర్ ఒక్కటే మిగిల్చారు. చాలా రోజులు ఆవిడతో ముభావంగానే ఉన్నాను. (పటింగ్ మాత్రం ఇప్పుడు మునుపటికన్నా నయం, ఆ మాట ఆవిడకు ఇంకా చెప్పలేదు.) గ్రిప్ చివర అరచేయి దాటి బయటికి వచ్చేలా షాఫ్ట్‌లు (క్లబ్ కాడలు) పొడిగించి, కూలి తీసుకోని పెద్దాయనకు కూడా దండాలు.

ధైర్యం చెప్పడానికి అందరూ అమెరికా గోల్ఫర్ బెన్ హోగన్ కథే పంపారు. 1949లో కారును బస్సు ఢీకొని ఒళ్లు నుజ్జయిన మనిషి 1950లో యూఎస్ ఓపెన్ గెలిచాడు, నిజమే. నాకు రాత్రుళ్లు గుర్తొచ్చింది మాత్రం ఇంకో అమెరికా గోల్ఫర్, ఆంథొనీ కిమ్. పాతికేళ్లు నిండకముందే పీజీఏ టూర్‌లో (అమెరికాలోని పెద్ద గోల్ఫ్ పోటీల వరసలో) మూడు టైటిళ్లు, 2012లో మడమ వెనక ఉండే అకిలీస్ స్నాయువుకు ఆపరేషన్, మళ్లీ పోటీలో కనిపించింది 2024లో. నాకూ అలాగే అవుతుందేమోనన్న ఈ భయం విని "ఛ, అలా అనకు" అనకుండా ఊరుకున్నది ఆటలో నా క్లబ్‌ల బ్యాగ్ మోసే మా కేడీ అన్న ఒక్కడే. నా బ్యాగ్ లేని రోజుల్లో వేరేవాళ్ల బ్యాగ్ మోస్తూ కూడా సాయంత్రం ఫోన్ చేసేవాడు.

ఇక డబ్బు సంగతి. మాకు జీతాలుండవు. కట్ దాటితేనే, అంటే సగం ఆట తర్వాత మిగిలే ఆటగాళ్లలో ఉంటేనే, ప్రైజ్ మనీ. ఆడకపోతే అసలే లేదు, ఖర్చులు మాత్రం ఆగవు. ఇది తెలిసిన తోటి ఆటగాళ్లు, నన్ను వారం వారం ఓడించాల్సినవాళ్లే, చందాలు వేసుకుని ఆపరేషన్ ఖర్చు కట్టేశారు. పేర్లు రాయొద్దన్నారు, రాయడం లేదు.

ఇంకా పంపుతామంటున్నవారికి ఒక మనవి: ఇక వద్దండీ, సరిపోయింది. మిగిలినదాన్ని నడుము పట్టేసి ఇంట్లో ఉన్న ఓ కుర్ర ఆటగాడి స్కాన్ కోసం ఇచ్చేశాను. పంపాలనుకుంటే చెప్పండి, అతన్ని అడిగి నంబరు ఇస్తాను.